పచ్చగుట్ట కనిపించే సిస్టమ్

తెలుగు ఊళ్లలో కాస్త పాతకాలపు డీటీపీ సెంటర్ ఏదైనా సరే, లోపలికి వెళ్లి చూడండి. చాలాచోట్ల రెండు సిస్టమ్‌లు ఉంటాయి. వాకిలి దగ్గర బల్ల మీద ఉన్నది కొత్తది. ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, కరెంటు బిల్లులు అన్నీ దాని మీదే. లోపల గోడవారగా, ఫ్యాను గాలి సరిగ్గా తగలని మూల ఇంకొకటి ఉంటుంది. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, జాతర పోస్టర్లు, ఊళ్లో కవిగారి కొత్త సంపుటి తయారయ్యేది దాని మీద. ఆన్ చేస్తే తెర మీద పచ్చటి గుట్ట, పైన నీలాకాశం, కాసిని తెల్లమబ్బులు. విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరు 25న విడుదలైంది.

ఆ మూల సిస్టమ్ పక్కన స్టూలు వేసుకుని ప్రూఫులు దిద్దుకోవడం నాకు చాలా ఇష్టమైన పని. ఆపరేటర్ వేళ్లు కీబోర్డు వంక చూడకుండానే గుణింతాలు, ఒత్తులు వేసుకుంటూ పోతుంటాయి. కొందరిది యాపిల్ లేఅవుట్, కొందరిది మాడ్యులర్. కీల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, తెర మీద పడేవి తెలుగు అక్షరాలు. ఒక సాయంత్రం అలా పక్కన కూర్చుని, "అన్నా, దీనికి కొత్త విండోస్ వేయించుకోవచ్చు కదా?" అని అడిగాను.

"వేయించుకోవచ్చు సార్. మరి వీటిని ఏం చెయ్యమంటారు?" అంటూ ఆయన ఒక డ్రైవ్ తెరిచి చూపించాడు. సంవత్సరాల పేర్లతో ఫోల్డర్లు. ఒక్కో ఏడాదిలో మనుషుల పేర్లతో, ఇంటిపేర్లతో, ఊళ్ల పేర్లతో మళ్లీ ఫోల్డర్లు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బడి వార్షికోత్సవ సంచికలు, సంస్మరణ సంచికలు, అచ్చయిన పుస్తకాలు, డబ్బుల్లేక అచ్చుకాని పుస్తకాలు. ఒక అమ్మాయి పెళ్లి శుభలేఖ ఉన్న డ్రైవ్‌లోనే ఆమె కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు కూడా ఉంది. రెండూ ఆయన చేతి మీదుగా వేసినవే. "ఇవి వేరే సిస్టమ్‌లో తెరిస్తే చెదిరిపోతాయి సార్. లైను తప్పుతుంది, ఒత్తు ఊడుతుంది. మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి" అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ ఫైళ్లు పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసినవి. దాన్ని 1985లో ఆల్డస్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చింది. 1994లో ఆ కంపెనీని అడోబి కొనేసింది. 2001లో వచ్చిన 7వ వెర్షనే దానికి ఆఖరి పెద్ద వెర్షన్. ఆ తర్వాత అడోబి దృష్టంతా ఇన్‌డిజైన్ అనే తన మరో సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లింది. కానీ తెలుగు ముద్రణ అప్పటికే పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద స్థిరపడిపోయింది. అను ఫాంట్లది, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్ వాడుకలోకి రాకముందు పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టి, ఆ ముక్కలను కలిపి పూర్తి అక్షరం కట్టడం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు కనపడదు. అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు కనపడతాయి. అంటే, రెండు మూడు దశాబ్దాల తెలుగు పుస్తకాల మూలప్రతులు ఎన్నో ఈ మూల సిస్టమ్‌లలోనే చదవగలిగే రూపంలో ఉన్నాయి. గ్రంథాలయంలో ఒక ప్రతి దొరకవచ్చు. మార్చి, దిద్ది, మళ్లీ అచ్చు వేసుకునే ప్రతి మాత్రం ఇక్కడే ఉంది.

అందుకే "పాతది తీసి పారేసి కొత్తది కొనుక్కోండి" అన్న సలహా చెప్పబుద్ధి కాదు. ఆ సిస్టమ్ ఒక కుటుంబానికి బతుకుతెరువు. మన భాషకు సంబంధించిన ఒక కొట్టుగది కూడా. ఉంచుకోవాలి. అయితే ఉంచుకోవడానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. అవి తెలియకుండా ఉంచుకుంటే, దేన్ని కాపాడుకుందామని ఉంచుకున్నామో దాన్నే పోగొట్టుకుంటాం.

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. 2020 జనవరి 14తో విండోస్ 7కు, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఆగిపోయింది. మద్దతు ఆగిపోవడం అంటే ఏం జరుగుతుంది? పైకి ఏమీ జరగదు. 2014 ఏప్రిల్ 9 పొద్దున ఎక్స్‌పీ సిస్టమ్‌లన్నీ ముందురోజు లాగే ఆన్ అయ్యాయి. అదే గుట్ట, అదే ఆకాశం. పేజ్‌మేకర్ తెరుచుకుంది, ప్రింటర్ కాగితం లాక్కుంది. ఎక్కడా తేడా లేదు. తేడా కనపడకపోవడమే ఇందులో భయపడాల్సిన సంగతి. యంత్రం అరిగిపోలేదు, వేగం తగ్గలేదు. దాన్ని కాపలా కాసేవాళ్లు మాత్రం వెళ్లిపోయారు. ఆ వెళ్లిపోవడం చప్పుడు లేకుండా జరిగింది.

ఆ కాపలా ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. మనకు అది మంగళవారం రాత్రి అవుతుంది. మనం పడుకునే వేళకు, ఆ నెలలో బయటపడ్డ లొసుగులన్నిటికీ మరమ్మతులు ప్రపంచమంతా చేరుతుంటాయి. వీటినే ప్యాచ్‌లు అంటారు. మద్దతు ఉన్న సిస్టమ్ వాటిని తీసుకుని సరి చేసుకుంటుంది. లేని సిస్టమ్‌కు ఆ రాత్రి ఏమీ రాదు.

రాకపోతే పాత లొసుగు పాతగానే ఉంటుంది కదా, కొత్తగా వచ్చే ముప్పేమిటి అనిపించవచ్చు. ఒకే మేస్త్రి ఒకే నమూనాలో వీధి పొడుగునా ఇళ్లు కట్టాడనుకోండి. ఒక ఇంటి పెరటి తలుపు గొళ్లెం వదులుగా ఉందని తెలిసి, మేస్త్రిని పిలిచి బాగు చేయించుకున్నారు. బాగు చేస్తుంటే చూసినవాడికి మిగతా ఇళ్ల గొళ్లేలు కూడా వదులేనని అర్థమైపోతుంది. అప్‌డేట్ల సంగతీ ఇంతే. కొత్త విండోస్‌కు ప్యాచ్ రాగానే దాన్ని విప్పి, ఏ చోట ఏం మార్చారో పోల్చి చూసేవాళ్లు ఉంటారు. మంచివాళ్లూ చూస్తారు, చెడ్డవాళ్లూ చూస్తారు. కొత్త విండోస్‌లో చాలా భాగాలు పాత విండోస్ నుంచి వచ్చినవే కాబట్టి, కొత్తదానికి వేసిన మరమ్మతు పాతదాని లోపాన్ని బయటపెట్టే అవకాశం ఎక్కువ. పాత సిస్టమ్ నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. దాని గురించి దొంగకు తెలిసింది మాత్రం నెలనెలా పెరుగుతుంది.

2017లో ఇది ప్రపంచమంతా కళ్లారా చూసింది. విండోస్ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఒక లొసుగు ఉందని తెలిసి, మార్చి 14న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. సరిగ్గా నెల తర్వాత, ఏప్రిల్ 14న, ఆ లొసుగును వాడుకోవడానికి అమెరికా నిఘా సంస్థ తయారు చేసుకున్న పనిముట్టును షాడో బ్రోకర్స్ అనే ముఠా బయటపెట్టేసింది. మే 12 శుక్రవారం నాడు వానాక్రై అనే వైరస్ విరుచుకుపడింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కు పాకింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, మూడు వందల డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని ఎర్ర తెర చూపించింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థ అతలాకుతలమై, సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అక్కడి ఆడిట్ సంస్థ అంచనా వేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు, ఆ వైరస్ పదేపదే వెతుకుతున్న ఒక వెబ్ చిరునామాను తన పేర నమోదు చేయడంతో దాని జోరు ఆగింది. అంతకు మూడేళ్ల ముందే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ప్యాచ్ ఇచ్చింది.

ఈ కథలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వానాక్రై సోకిన వాటిలో అత్యధికం ఎక్స్‌పీ సిస్టమ్‌లు కావు, విండోస్ 7 సిస్టమ్‌లు. అప్పటికి విండోస్ 7కు మద్దతు ఉంది. రెండు నెలల ముందే ప్యాచ్ వచ్చింది. వేసుకోలేదు, అంతే. పాతదా కొత్తదా అన్నది సగం ప్రశ్నే అని అప్పటినుంచీ నాకు అనిపిస్తూ ఉంటుంది. మిగతా సగం, మన సిస్టమ్ దేనితో కలిసి ఉంది, దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అన్నది. గోడవారగా ఒంటరిగా పనిచేసుకునే ఎక్స్‌పీ కన్నా, అప్‌డేట్లు ఆపేసి ఇరవై నాలుగ్గంటలూ నెట్‌లో ఉండే కొత్త లాప్‌టాప్ ఎక్కువ ప్రమాదంలో ఉండవచ్చు.

పాత సిస్టమ్‌లను అంటిపెట్టుకున్నది చిన్న దుకాణాల వాళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. మన దేశంలో బ్యాంకుల ఏటీఎంలు కూడా చాలాకాలం ఎక్స్‌పీ మీద నడిచాయి. మద్దతు ఆగి నాలుగేళ్లు దాటాక, 2018 జూన్‌లో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టి, 2019 జూన్ నాటికి ఏటీఎంలన్నిటినీ మద్దతు ఉన్న విండోస్‌కు మార్చి తీరాలని చెప్పాల్సి వచ్చింది. అంత డబ్బు, అంత సిబ్బంది ఉన్న బ్యాంకులకే అన్నేళ్లు పట్టినప్పుడు, ఒక్క గదిలో ఒక్కడే పనిచేసుకునే ఆపరేటర్ని తప్పుపట్టడానికి మనసొప్పదు.

ఇంతకీ ఆ పచ్చగుట్ట ఎక్కడిదో తెలుసా? కంప్యూటర్లో గీసిన బొమ్మ కాదది. చార్లెస్ ఒరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996 జనవరిలో కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో దారి పక్కన కారు ఆపి తీసిన ఫొటో. మామూలుగా అక్కడ ద్రాక్షతోటలు ఉంటాయి. వేళ్లను తినే ఫిల్లాక్సెరా అనే పురుగు పట్టడంతో తీగలన్నీ పీకేశారు. ఆ ఖాళీ నేల మీద శీతాకాలపు వానలకు గడ్డి మొలిచింది. ఆ ప్రశాంతతను చూసే కోట్లమందిలో అది పురుగు తిన్న తోట తాలూకు పచ్చదనమని తెలిసినవాళ్లు తక్కువ. ఎక్స్‌పీ ఆన్ అయినప్పుడల్లా నాకు ఆ తోట రైతు గుర్తుకొస్తాడు. పురుగు వేరులో ఉంది, ఆకుల్లో కాదు. పైన పచ్చగా ఉన్నంతకాలం వేరు సంగతి ఎవరూ తవ్వి చూడరు.

ఇక కట్టుబాట్లు. మొదటిది, అన్నిటికన్నా పెద్దది, నెట్ వైరు తీసేయడం. పాత సిస్టమ్ పనిచేయాలంటే ఇంటర్నెట్ అక్కర్లేదు. పేజ్‌మేకర్‌కు అక్కర్లేదు, అను ఫాంట్లకు అక్కర్లేదు, పాత లేజర్ ప్రింటర్‌కు అక్కర్లేదు. వెనకాల నీలం రంగు వైరు ఉంటే బయటికి లాగేయాలి. వైఫై పరికరం గుచ్చి ఉంటే తీసి సొరుగులో పడేయాలి. వైరు లేకపోతే ప్రపంచంలో ఎక్కడో కూర్చున్నవాడికి ఆ సిస్టమ్ కనపడదు. నిజానికి అక్కడ నెట్ చూసి ప్రయోజనం కూడా లేదు. క్రోమ్ 2016లో, ఫైర్‌ఫాక్స్ 2018లో ఎక్స్‌పీని వదిలేశాయి. 2023 మొదట్లో క్రోమ్ విండోస్ 7ను కూడా వదిలేసింది. నెట్ పని కొత్త సిస్టమ్‌ది. పేజీ కట్టే పని పాతదానిది. ఎవరి పని వాళ్లకు పంచేస్తే సగం చిక్కు తీరిపోతుంది.

కానీ వైరు తీసేస్తే అంతా అయిపోయినట్టు కాదు. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ అనే వైరస్ 2010లో బయటపడింది. బయటి నెట్‌తో సంబంధం లేని చోటికి అది చేరింది. పెన్‌డ్రైవ్ నుంచి పాకే గుణం దానికి ఉంది. మన డీటీపీ సెంటర్లకు ఆ దారి బాగా తెలుసు. కస్టమర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు, లోపల ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి ఉంటాయి, అసలు ఫోల్డర్లు దాక్కుని ఉంటాయి. ఆ షార్ట్‌కట్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఫోల్డర్ తెరుచుకున్నట్టే ఉంటుంది. దాంతోపాటు ఇంకేదో కూడా నడుస్తుంది. 2008 చివర్లో పుట్టిన కాన్‌ఫికర్ అనే వైరస్ కూడా పెన్‌డ్రైవ్ పెట్టగానే స్పందించే ఆటోరన్ సదుపాయాన్ని వాడుకుంది. చివరికి 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్‌తో పెన్‌డ్రైవ్‌లకు ఆ దారి మూసింది. ఆ అప్‌డేట్ వేసుకోని ఎక్స్‌పీలో ఆ దారి ఇవాళ్టికీ తెరిచే ఉంటుంది.

అందుకని పెన్‌డ్రైవ్‌కు ఒక ఆచారం పెట్టుకోవాలి. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్ లోపలి సిస్టమ్‌కు ఎప్పుడూ పెట్టకూడదు. ముందు బల్ల మీది కొత్త సిస్టమ్‌లో పెట్టి, యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, కావలసిన ఒక్క ఫైలును మాత్రం దుకాణం సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి. లోపలికి వెళ్లేది ఆ సొంత పెన్‌డ్రైవ్ ఒక్కటే. దానికి ఎర్ర దారం కట్టుకున్నా సరే, టేపు అంటించుకున్నా సరే, మిగతావాటిలో కలవకూడదు. పేజీలు సిద్ధమయ్యాక పీడీఎఫ్ చేసి అదే పెన్‌డ్రైవ్‌లో బయటికి తెచ్చి, కొత్త సిస్టమ్ నుంచి ప్రెస్సుకు పంపించుకోవాలి. ఫైలు పేర్ల చివర ఉండే మూడు నాలుగు అక్షరాలు కనపడేలా సెట్టింగు మార్చుకోవాలి. ఫొటో అని పంపించిన ఫైలు చివర ఈఎక్స్ఈ అని ఉంటే, అది ఫొటో కాదని అప్పుడే తెలిసిపోతుంది. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా మామూలు యూజర్ ఖాతా పెట్టుకుంటే, పొరపాటున ఏదైనా లోపలికి వచ్చినా దాని చేతులు అంత దూరం సాగలేవు.

ఇంకొక మాట కాస్త నొక్కి చెప్పాలి. సిస్టమ్ మొరాయించినప్పుడల్లా ఫార్మాట్ కొట్టి, చేతిలో ఉన్న ఏదో సీడీతో విండోస్ వేసిపోయే అలవాటు మన ఊళ్లలో పాతది. లైసెన్సు లేని విండోస్‌ను నడిపించడానికి దాంతోపాటు ఒక క్రాక్ కూడా వేస్తారు. ఆ క్రాక్ ఎవరు రాశారో, లోపల ఇంకా ఏం పెట్టారో వేసినవాడికీ తెలియదు. తెలియని చేతులు రాసిన ప్రోగ్రామును మన సిస్టమ్ గుండెల్లో మనమే పెట్టుకుని, ఆ తర్వాత వైరస్‌కు భయపడటంలో అర్థం లేదు. పాత విండోస్ వాడాలంటే సొంత లైసెన్సుతో వచ్చినదే వాడాలి.

రెండో పెద్ద కట్టుబాటు కాపీ. దొంగకే కాదు, చెదకు, పిడుగుకు, హార్డ్ డిస్క్ ముసలితనానికి కూడా కాపీ ఒక్కటే మందు. పాత సిస్టమ్‌లో ఉన్న డిస్కు కూడా పాతదే కదా. ఒక రోజు పొద్దున టక్ టక్ మని చప్పుడు చేసి ఆగిపోతే, ఆ సంవత్సరాల ఫోల్డర్లన్నీ దానితోనే పోతాయి. అందుకని ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు ఉండాలని ఈ పని తెలిసినవాళ్లు చెబుతారు. అసలుది ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, దుకాణంలో కాకుండా ఇంట్లోనో ఇంకెక్కడో ఒకటి. బయటి డిస్కును కాపీ తీసుకున్న వెంటనే పీకి పక్కన పెట్టాలి. సిస్టమ్‌కే తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది. ఫైళ్లే కాదు, వీలైతే డిస్కు మొత్తానికి, విండోస్, ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో సహా, ఒక ప్రతిబింబం తీయించి ఉంచుకోవాలి. మళ్లీ ఆ పాత సీడీలు వెతుక్కోవాల్సిన గతి పట్టదు.

ఈ ప్రతిబింబం చేతిలో ఉంటే ఇంకో దారి కూడా తెరుచుకుంటుంది. కొత్త సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, దాని లోపల ఒక కిటికీలో ఎక్స్‌పీని నడుపుకోవచ్చు. ఆ కిటికీకి నెట్ ఇవ్వకుండా ఆపేయవచ్చు. పాత ఇనప్పెట్టె పాడైపోయినా, అదే గుట్ట, అదే పేజ్‌మేకర్, అదే యాపిల్ లేఅవుట్ కొత్త యంత్రం లోపల బతుకుతాయి. ఏదైనా చెడిపోతే నిన్నటి స్థితికి మళ్లించవచ్చు. ఆపరేటర్ వేళ్లకు కొత్తగా నేర్చుకునే పని పడదు.

దీనితో ఆగకుండా, తీరిక ఉన్నప్పుడల్లా ఒక్కో పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడం మొదలుపెట్టాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, అరసున్నలు, విడిపోయిన గుణింతాలు ఒకసారి కంటితో చూసుకోక తప్పదు. శ్రమే. కానీ యూనికోడ్‌లోకి వచ్చిన అక్షరం ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోనులోనైనా చదవడానికి వీలవుతుంది, వెతికితే దొరుకుతుంది. పాత సిస్టమ్‌కు మనం చేయగల మేలు ఇదే. తన దగ్గర దాచుకున్నవన్నీ ఇంకొక చోట భద్రంగా ఉన్నాక, అది ఎప్పుడు ఆగిపోయినా నష్టం ఉండదు.

డీటీపీ సెంటర్ సంగతి ఇంతగా చెబుతున్నాను కానీ, మన ఇళ్లలోనూ ఇదే కథ వేరే రూపంలో ఉంది. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, పాతది అమ్మానాన్నలకు ఇచ్చి వెళతారు. ప్రేమతోనే ఇస్తారు. నాన్నగారు దాని మీద పేపరు చదువుకుంటారు, ప్రవచనాలు వింటారు, మనవరాలితో వీడియోలో మాట్లాడతారు. నెట్ బ్యాంకింగ్ కూడా దాని మీదే చూసుకుంటారు. పెన్షను ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అన్నీ. అందులో ఉన్నది విండోస్ 7 అయి ఉండవచ్చు, అప్‌డేట్లు ఆగిన విండోస్ 10 అయి ఉండవచ్చు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ పొదుపు ఉన్న మనిషి చేతిలో, అందరికన్నా తక్కువ రక్షణ ఉన్న యంత్రం ఉందన్నమాట. ఈ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా బెంగగా ఉంటుంది.

విండోస్ 10 సిస్టమ్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. నమోదు చేసుకున్న ఇళ్లవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ వెసులుబాటు గడువు తీరినచోట, లాప్‌టాప్ మంచిగానే ఉంటే, ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేయించుకోవచ్చు. పేపరు చదవడానికి, వీడియో మాట్లాడటానికి, బ్యాంకు పనికి అవి చక్కగా సరిపోతాయి. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కూడా ఎన్నో ఏళ్లుగా కృషి చేసింది. అక్కడ కూడా ప్రతి వెర్షన్‌కు ఒక గడువు ఉంటుంది. తేడా ఏమిటంటే, తర్వాతి వెర్షన్ డబ్బు కట్టకుండానే వస్తుంది. అప్‌డేట్లు ఆగిన పాత ఫోనుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. పాటలు వినడానికి ఉంచుకోవచ్చు, యూపీఐకి వాడకూడదు.

ఈ ఆలోచనంతా చివరికి నన్ను తీసుకువెళ్లేది కస్టమర్ల దగ్గరికి. డీటీపీ సెంటర్ సిస్టమ్‌లో యజమాని సొంత వస్తువులు చాలా తక్కువ. ఎవరివో ఆధార్ స్కాన్లు, ఎవరిదో పట్టాదారు పాస్ పుస్తకం, ఎవరి బిడ్డదో కుల ధ్రువీకరణ పత్రం, ఇంకా ఎవరికీ చూపించని ఒక ఆత్మకథ రాతప్రతి. నమ్మి ఇచ్చి వెళ్లినవాళ్లకు విండోస్ వెర్షన్లు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత సిస్టమ్ ముందు కూర్చున్న మనిషిది. పని అయిపోయిన వెంటనే ఆధార్ స్కాన్లు తుడిచేయడం, వాటిని డెస్క్‌టాప్ మీద పోగుపడనివ్వకపోవడం కూడా భద్రతే. అది ఏ అప్‌డేటూ చేసిపెట్టదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి కీడు జరగవచ్చు. వైరస్ అనుమానం ఉంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర ఉచితంగా శుభ్రపరిచే సాధనాలు ఇస్తుంది. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారనో, నలుగురిలో చులకన అవుతామనో ఆగిపోకండి. మోసపోవడంలో సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు.

మీ దుకాణంలోనో ఇంట్లోనో మద్దతు ఆగిపోయిన సిస్టమ్ ఒకటి ఉంటే, దాన్ని చూసి చిన్నబోకండి, దాన్ని పారేయడానికీ తొందరపడకండి. ఇవాళే మూడు పనులు చేయండి. నెట్ వైరు తీయండి. అందులో ఉన్నవాటికి ఇంకొక చోట కాపీ పెట్టండి. బ్యాంకు పాస్‌వర్డ్ దాని మీద ఇక ఎప్పుడూ కొట్టకండి. అమ్మానాన్నల దగ్గర పాత లాప్‌టాప్ ఉంటే, ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు ఆరోగ్యం అడిగాక దాని సంగతి కూడా అడగండి.